రెండు వేర్లు

ఎర్రర్ పడితే ఆ ఫ్లోర్‌లో ఎవరూ ఏడవరు. లేచి దీప కుర్చీ దగ్గరికి వెళ్తారు. దీప విషయం వింటుంది, నాలుగు తిడుతుంది, చున్నీ సర్దుకుని, అందరి పనిలో తప్పులు పట్టే ఆడిటర్ కరుణాకర్‌ని కిందికి తీసుకెళ్లి చాయ్ తాగిస్తుంది. ఇద్దరూ మళ్లీ లిఫ్టులో పైకి వచ్చేసరికి ఎర్రర్ కాస్తా ‘ఫీడ్‌బ్యాక్’ అయిపోతుంది. ఎర్రర్‌కి మార్కులు పోతాయి, ఫీడ్‌బ్యాక్‌కి పోవు. ఈ పద్ధతి ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తు లేదు గానీ, అందులో దీపని మించినవాళ్లు లేరని మాత్రం బ్రాంచి మొత్తం ఒప్పుకుంటుంది. దీప కూడా ఒప్పుకుంటుంది. ఆమెకి మొహమాటం తక్కువ.

నాచారం నుంచి ఉప్పల్ పోయే రోడ్డు మీద, టైల్స్ దుకాణం పైన మూడో అంతస్తు వాళ్ల ఆఫీసు. అమెరికాలో పళ్ల డాక్టర్లు రాసిన నోట్స్ చదివి, చేసిన ప్రతి పనికీ ఒక కోడ్ వేసి, అక్కడి ఇన్సూరెన్స్ కంపెనీలకి బిల్లులు పంపడం వీళ్ల పని. పన్ను పీకితే ఒక కోడ్, సిమెంటు నింపితే ఒక కోడ్, పైదవడకి ప్లేటు పెడితే ఇంకో కోడ్. నోళ్లన్నీ అక్కడ, కోడ్‌లన్నీ ఇక్కడ. దీప ఇన్నేళ్లలో వేల నోళ్లకి కోడ్‌లు వేసింది గానీ ఒక్క నోట్లోకీ తొంగి చూడలేదు. చూడాల్సిన అవసరం ఉంటుందని కూడా ఏనాడూ అనుకోలేదు.

అలాంటి దీప దగ్గరికి మంగళవారం నాడు కావ్య రాలేదు.

కావ్య కొత్త పిల్ల. ప్రొబేషన్ ఆ శుక్రవారంతో అయిపోతుంది. అప్పటిదాకా మార్కులు ఆఫీసు పెట్టిన గీతకి పైనుంటే ఉద్యోగం పర్మనెంటు, కిందికి జారితే ఇంటికి. ఆ గీత అంచున నిలబడ్డ పిల్ల మీద పొద్దున్నే ఒక ఎర్రర్ పడింది. పడినట్టు ఫ్లోర్ అంతటికీ తెలిసింది. కావ్య మాత్రం కుర్చీలోంచి కదలకుండా, తర్వాతి బిల్లు చదువుకుంటూ కూర్చుంది.

దీప కాసేపు ఓపిక పట్టింది. ఆమె ఓపిక ఎప్పుడూ కాసేపే. చక్రాల కుర్చీని కాళ్లతో తోసుకుంటూ వెళ్లి కావ్య పక్కన ఆగింది.

“ఏందే, ఎర్రర్ పడిందట? చెప్పవా?”

“పడిందక్కా. కాని నేను చేసింది తప్పు కాదు.”

“అందరు గట్లనే అంటరు. ఏదీ, తియ్యి.”

కావ్య బిల్లు తెరిచింది. ఎడమ స్క్రీన్ మీద డాక్టర్ రాసిన నోట్స్, కుడి స్క్రీన్ మీద పళ్ల బొమ్మ. పేషెంటు ఒక పెద్దావిడ. పైదవడలో ముందు పళ్లు చాలా పోయాయి. రెండు కోరపళ్లు పైన అరిగిపోయినా వేర్లు గట్టిగా ఉన్నాయి. డాక్టర్ వాటిని పీకలేదు. చిగుళ్ల మట్టానికి కోసి, వేర్లని ఎముకలో అలాగే ఉంచి, వాటి మీద చిన్న లోహపు టోపీలు తొడిగి, ఆ పైన తీసి పెట్టుకునే ప్లేటు అమర్చాడు. వెనక దవడపళ్లు ఆమెవే. ఇలా వేర్ల మీద కూర్చునే ప్లేటుని ఓవర్‌డెంచర్ అంటారు. దానికి కోడ్ వేరే ఉంది. కావ్య ఆ కోడే వేసింది.

దాని కింద కరుణాకర్ ఎర్ర అక్షరాల్లో రాశాడు. టీమ్ ప్రాక్టీస్ ప్రకారం మామూలు ప్లేటు కోడ్ వేయాలి, ఆరు, పదకొండు నంబర్ల పళ్లు నోట్లో లేనట్టు గుర్తు పెట్టాలి అని. ఆరు, పదకొండు అంటే ఆ రెండు కోరపళ్లే.

“ఓసి పిచ్చిదానా!” దీప నవ్వేసింది. “ఓవర్‌డెంచర్ కోడ్ వేస్తే ఇన్సూరెన్సోడు తిప్పి పంపుతడు. మామూలు ప్లేటైతే కండ్లు మూసుకొని ఇస్తడు. అందుకే మనం మొదటిసంది మామూలుదే వేస్తం. నీకెవలు చెప్పలేదా?”

“చెప్పిన్రక్కా. కాని మామూలు ప్లేటు వేయాలంటే ఆ రెండు పండ్లు లేవని పెట్టాలె. డాక్టరేమో రూట్స్ ఉంచిన అని రాసిండు. ఉన్నదాన్ని లేదని ఎట్ల పెట్టాలె?”

“పైన కోసేసిండు కదనే. చిగుళ్ల కింద ఉన్నది ఎవల్కి కనబడ్తది?”

“కోడ్‌ల పుస్తకంల దారి ఉన్నదక్కా. ఓవర్‌డెంచర్ కోడే వేసి, మామూలు ప్లేటుకు ఎంత ఇస్తరో గంతే ఇయ్యుండ్రి అని కింద నోట్ రాసి అడగొచ్చు. నేను గదే చేసిన.”

“అడగొచ్చు. ఆ నోట్ రాసే టైంల నేను నాలుగు బిల్లులు ఎల్లగొడ్త. లే. అన్నతోని ఒక చాయ్ తాగి, తెలువక చేసిన అన్నా, అను. అయిపాయె.”

“తెలిసే చేసిన కదక్కా.”

“అయితే?”

“తప్పు కానప్పుడు చాయ్ ఎందుకు?”

జవాబు తోచనప్పుడు దీపకి కోపం వస్తుంది. “నీ అంత తెలివి నాకు లేదు తల్లీ,” అని కుర్చీని వెనక్కి తోసుకుంది.

కోపం వచ్చినంత మాత్రాన చేసే పని మానే మనిషి కాదు. మధ్యాహ్నం కరుణాకర్‌ని తనే కిందికి తీసుకెళ్లింది. కరుణాకర్ చెడ్డవాడేం కాదు. దీపకి మౌస్ పట్టుకోవడం దగ్గర్నుంచి నేర్పింది అతనే. తను నేర్పినవాళ్లు పైకొస్తే సంబరపడతాడు, తను నేర్పింది కాదంటే మాత్రం ఓర్చుకోలేడు. చాయ్ బండి దగ్గర అటూ ఇటూ చూసి, “ఆ పిల్ల ఏది?” అన్నాడు.

“సిగ్గుపడ్తుందన్నా. చిన్నపిల్ల. తెలువక చేసింది, ఇడిసిపెట్టు.”

“తెలువక చేసిన అని నీతోని అన్నదా?”

“అన్నది,” అంది దీప, తడుముకోకుండా.

అతను చాయ్ మొత్తం నిమ్మళంగా ఊదుకుంటూ తాగి, గ్లాసు బల్ల మీద పెట్టాడు. “నీ మొఖం చూసి,” అన్నాడు.

దీప పైకి వచ్చి, నాలుగు వరుసలకి వినపడేలా, “అయిపోయింది పో! ఎర్రర్ లేదు, ఫీడ్‌బ్యాక్,” అని కావ్య భుజం మీద ఒకటి చరిచింది.

కావ్య తల తిప్పి చూసింది. మొహంలో సంతోషం ఏ కోశానా లేదు. “నేను తెలువక చేసిన అని చెప్పిన్రా అక్కా?”

“చెప్పిన. నీ నౌకరి నిలబడ్డది. దండం పెట్టు.”

ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. కృతజ్ఞత అనుకుంది దీప. కావ్య మాత్రం కళ్లు తుడుచుకుని స్క్రీన్ వైపు తిరిగింది. ప్రతి ఫీడ్‌బ్యాక్ కిందా రెండు బటన్లు ఉంటాయి. ఒకటి ఒప్పుకుంటున్నాను, రెండోది ఒప్పుకోను. ఆ రెండోదాన్ని ఆ ఆఫీసులో ఎవరూ నొక్కగా దీప చూడలేదు. అందానికి పెట్టారనుకునేది. కావ్య దాన్నే నొక్కింది.

గదికి ఆ చివర్నుంచి కేక వినపడింది. “దీపా!”

కరుణాకర్ లేచి నిలబడి ఉన్నాడు. “తెలువక చేసిందన్నవ్ కదా? ఒప్పుకోనని కొట్టింది నా మొఖం మీద! గిదేనా తెలువకపోవుడు?” అందరూ చూస్తుండగానే కూర్చుని, ఫీడ్‌బ్యాక్‌ని మళ్లీ ఎర్రర్ చేసేశాడు.

ఒప్పుకోను అని నొక్కితే దానికో నియమం ఉంది. ఒక సీనియర్ ఆ వాదన కింద సంతకం పెట్టి, శుక్రవారం మేనేజర్ చిదంబరం సార్ ముందు నిలబడి మాట్లాడాలి. ఓడిపోతే అదే ఎర్రర్ సీనియర్ నెత్తిన కూడా పడుతుంది. వచ్చే నెల టీమ్ లీడ్ పోస్టుకి అందరి నోటా వినిపిస్తున్న పేరు దీపది. సంతకం సంగతి ఎత్తడానికి ఎవరికీ నోరు రాలేదు. కావ్య కూడా అడగలేదు.

“చేతులార నీ నోట్ల నువ్వే మన్ను కొట్టుకున్నవ్ గదనే!” అంది దీప. నిజంగానే బాధపడింది. మంచి పని చెడగొట్టుకున్నవాళ్లని చూస్తే ఆమెకి కడుపు మండుతుంది.

ఇలాంటి మొండి పిల్లలకి మందు తల్లి దగ్గరే ఉంటుందని దీప నమ్మకం. బుధవారం సాయంత్రం ఆఫీసు వదలగానే స్కూటీ తీసి, “ఎక్కు. నేను పీర్జాదిగూడ పోవుడే కదా, చిల్కానగర్‌ల నిన్ను దించుత,” అంది. దించి ఊరుకోలేదు. బండి స్టాండ్ వేసి కావ్య వెనకాలే లోపలికి వెళ్లింది.

రెండు గదుల ఇల్లు. కావ్య తల్లి ఐలమ్మ నాచారంలో మందుల ప్యాకింగ్ పనినుంచి అప్పుడే వచ్చినట్టుంది, జడ ముడి కూడా విప్పకుండా పొయ్యి ముందు బియ్యప్పిండితో సర్వపిండి కాలుస్తోంది. దీప ఎవరో కావ్య చెప్పేలోపే పళ్లెంలో ఒక ముక్క పెట్టి చేతికిచ్చింది. “తిను బిడ్డా, ఎర్రగ కాలింది.”

దీప నాన్చలేదు. “నీ బిడ్డ నౌకరి పోగొట్టుకునేటట్టున్నదమ్మా.”

“దేనికి? దొంగతనం చేసిందా?”

“లేదు.”

“పని వస్తలేదా?”

“మస్తు వస్తది.”

“మరింకేంది లొల్లి?”

దీప చెప్పింది. వేర్ల మీద కూర్చునే ప్లేటు ఒకటుంటుందనీ, దానికి కోడ్ ఏదో వేయమంటే ఈ పిల్ల ఇంకేదో వేసి మొండికేసిందనీ. ఐలమ్మ మధ్యలోనే నవ్వడం మొదలుపెట్టింది.

“అగో! నా అసొంటి పండ్ల కోసమా గింత పంచాయితీ?” అని, చేతిలో ఉన్న సర్వపిండి ముక్కని ముందు పళ్లతో కరకరా కొరికింది.

దీప ఆ పళ్ల వైపే చూస్తూ ఉండిపోయింది. “అవి పెట్టుడు పండ్లా అమ్మా?”

“మీదియి. ఎన్కయి నాయి, ముందలయి పండ్ల కాలేజి దవాఖానయి. సూస్తవా?”

చూస్తానని దీప అనలేదు, వద్దనీ అనలేదు. ఐలమ్మ లేచి పెరట్లో నల్లా దగ్గరికి నడిచింది. నోట్లో బొటనవేలు పెట్టి పైనున్న ప్లేటుని లాగింది. అది చిన్న చప్పుడుతో ఊడి వచ్చింది. పైపెదవి లోపలికి పడి, ఆమె మొహం ఇంకెవరిదోలా అయింది. దాన్ని ఆమె ఏమాత్రం పట్టించుకోలేదు. తల వెనక్కి వంచి నోరు తెరిచి, వేలితో చూపించింది. దీప ఫోన్ లైటు వేసింది.

చిగుళ్ల మీద, అటొకటి ఇటొకటి, కందిపప్పు బద్దంత టోపీలు. లైటు పడి మెరుస్తున్నాయి.

“ఇగో, ఇదొకటి, అదొకటి,” అంది ఐలమ్మ. పళ్లు లేని మాట కాస్త గాలిపోయినట్టుంది గానీ ఉషారు తగ్గలేదు. “పన్ను పోయిందనుకున్నం గని యేరు పోలే. మెత్తటి బ్రష్షుతోని రోజు తోమాలె. డాక్టరమ్మ ఒకటే చెప్పింది, ఐలమ్మా, ఈ రెండు యేర్లు ఉన్నన్ని రోజులే నీ ప్లేటు కుదురుగ ఉంటది, కండ్ల లెక్క చూస్కో అని. పోయినేడు ఈ దిక్కు టోపీ ఊడింది. అమ్మో, ఉరికిన దవాఖానకు! లోపటికి నీళ్లు దిగి పుచ్చితే యేరు పాయె. యేరు పోతే ప్లేటు పాయె. ఇగ సర్వపిండి ఏంటితోని తింట?”

కడిగిన ప్లేటుని మళ్లీ పెట్టుకుని, రెండుసార్లు దవడలు కొరికి చూసుకుంది. దీప లైటు ఆర్పడం మరిచిపోయింది.

పోయిన నెలలో ఆఫీసుకి ఒక బిల్లు తిరిగి వచ్చింది. ఎవరో పెద్దావిడ, ప్లేటు కింద వేరు మీది టోపీ ఊడితే డాక్టర్ మళ్లీ పెట్టాలన్నాడు. ఇన్సూరెన్సువాళ్లు ఒప్పుకోలేదు. మీరు పంపిన లెక్క ప్రకారమే ఆ పన్ను ఆమె నోట్లో లేదు కదా, లేని పన్నుకి టోపీ ఏమిటని అడిగారు. దీపకి కూడా అదే అనిపించింది. ఖర్చు పేషెంటే పెట్టుకోవాలని గుర్తుపెట్టి ఫైలు మూసేసింది. మూసేసి ఊరుకోకుండా, లేని పన్నుకి టోపీ పెడతానన్న డాక్టర్ కథని లంచ్‌లో జోకులా చెప్పింది. బల్ల బల్లంతా నవ్వింది. కావ్య మాత్రం నవ్వలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

పళ్లెంలో సర్వపిండి అలాగే ఉంది. దీపకి సిగ్గేసింది. ఆమెకి సిగ్గు అలవాటు లేదు, ఎక్కడ పెట్టుకోవాలో కూడా తెలియలేదు. లేచి చెప్పులు వేసుకుంది.

“ఏమాయె బిడ్డా? నౌకరి సంగతి చెప్పకపోతివి?” అంది ఐలమ్మ.

“నీ బిడ్డకు చెప్పేదేం లేదమ్మా. పని నాకే ఉన్నది.”

గురువారం అందరికంటే ముందే ఆఫీసుకి వచ్చి ఆ తిరిగొచ్చిన బిల్లు తీసింది. దాని వెనకాల, ఆ పేషెంటుకి మొదట ప్లేటు పెట్టినప్పటి బిల్లు తీసింది. ఇంకెవరో వేసి ఉంటారులే అని చిన్న ఆశ. తీరా చూస్తే కోడ్ వేసింది దీపే. డాక్టర్ నోట్స్‌లో రెండు వేర్లూ ఉంచానని స్పష్టంగా ఉంది. పక్కన పళ్ల బొమ్మ మీద ఆరుకీ పదకొండుకీ రెండు అడ్డగీతలు.

“థూ, నీ బతుకు చెడ,” అని పైకే తిట్టుకుంది. ఆరోజు ఆ బిల్లు కోసం ఎంతసేపు పట్టి ఉంటుంది? టీ చల్లారేంతసేపు కూడా పట్టి ఉండదు. అంత సేపట్లో ఒక మనిషి నోట్లో ఉన్న పన్నుని లేకుండా చేసేసింది. ఆ మనిషి ఇప్పుడు ఎక్కడో ఊడిన టోపీతో, లోపల వేరు పుచ్చుతుంటే, నాకెందుకు ఇవ్వరని ఎవరిని అడగాలో తెలీక తిరుగుతుండాలి.

కావ్య వాదన తెరిచి కింద సంతకం పెట్టింది. పెట్టి, కరుణాకర్ బల్ల దగ్గరికి తనే నడిచి వెళ్లింది.

“అన్నా, నీకు చెప్పకుంట చేసిన అనొద్దు. ఆ పిల్ల వాదన కింద సంతకం పెట్టిన.”

కరుణాకర్ కళ్లద్దాలు తీశాడు. “నేను నేర్పిందే కదనే ఇన్నేండ్లు చేసినవ్? ఇయ్యాల నాదే తప్పంటున్నవా?”

“నాది గూడ తప్పే అంటున్న.”

“క్లయింటు డాక్టర్లకు పైసలు రావాలంటే గట్లనే వేయాలె. ఎవనికీ నష్టం లేదు అండ్ల.”

“ఉన్నదన్నా. మనం చూడలేదు.”

“లీడ్ పోస్టు పోతది దీపా.”

ఆ మాటకి దీప మొహం నిజంగానే ముడుచుకుపోయింది. ఆ పోస్టు ఆమెకి కావాలి. కావాలని ఎవరి దగ్గరా దాచలేదు కూడా. “నాకు తెలుసు. నిన్న ఇంట్ల గదే యాజ్జేసుకొని ఏడ్సిన,” అంది. “అయినా పెట్టిన.”

శుక్రవారం చిదంబరం సార్ గదిలో నలుగురే ఉన్నారు. సార్ బల్ల వెనక, కరుణాకర్ ఒక పక్క, దీపా కావ్యా ఎదురుగా. చిదంబరం సార్ ఎవరి మనసూ నొప్పించడు. నొప్పించకుండా ఉండటానికి ఎవరికీ పూర్తిగా మేలు కూడా చేయడు. బిల్లు చదివాడు, పుస్తకం తిరగేశాడు, పెన్ను మూత తీసి మళ్లీ పెట్టాడు.

“కోడ్ అయితే కరెక్టే,” అన్నాడు.

కావ్య పక్కన ఊపిరి వదలడం దీపకి వినపడింది.

“కాని చూడమ్మా, టీమ్‌కొక ప్రాక్టీస్ ఉన్నప్పుడు కొత్తగ వచ్చినోళ్లు సొంతంగ మార్చొద్దు. సిస్టమ్ దెబ్బతింటది. ఎర్రర్ ఉండనిద్దాం. నీకు మంచి ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇప్పిస్త, ఫికర్ చేయకు.”

కావ్య తల ఊపింది. ఏడవలేదు. బల్ల మీద ఉన్న తన కాగితాలు ఒక్కొక్కటే దగ్గరికి తీసుకుని అంచులు సరిచేసుకోవడం మొదలుపెట్టింది. అది చూసి దీపకి ఒళ్లు మండిపోయింది.

“ఆగుండ్రి సార్. కోడ్ కరెక్ట్ అన్నరు కదా?”

“అన్న.”

“అయితే నాది తప్పు. ఓవర్‌డెంచర్ బిల్లు నేను ఇన్నేండ్లల్ల ఒక్కటి గూడ సక్కగ వేయలే. అన్ని బయటికి తీయుండ్రి. ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఎర్రర్ నా పేరు మీద వేయుండ్రి.”

“దీపా, పాతయి ఇప్పుడెందుకు—”

“ఎందుకేంది సార్? సక్కగ చేసినామె ఇంటికి పోవాలె, తప్పు చేసినామె లీడ్ కావాలె! గిదేం న్యాయం? ఆడ ఒక పెద్దామె ప్లేటు కింద టోపీ ఊడి, యేరు పుచ్చిపోతుంటే కూసున్నది. ఎందుకు పెట్టరయ్యా అంటే, నీకు ఆ పన్నే లేదు పో అంటున్నరు. పన్ను ఉన్నది సార్. లేదని పెట్టింది నేను. పోయిన నెల ఆమె బిల్లు తిరిగొస్తే మూసేసింది గూడ నేనే. మూసేసి నవ్విన.”

దీప ఆ తిరిగొచ్చిన బిల్లు సార్ ముందు పెట్టింది.

చిదంబరం సార్ పెన్ను కింద పెట్టాడు. ఇద్దరినీ పంపేయలేడు, ఒకరినే పంపాలంటే ఎవరిని పంపాలో ఇప్పుడు చెప్పలేడు. “కరుణాకర్, ఏమంటవ్?” అని బరువు అటు తోశాడు.

కరుణాకర్ బల్ల అంచుని గోరుతో గీకుతూ కూర్చున్నాడు. “కోడ్ ఆ పిల్లదే కరెక్ట్ సార్,” అన్నాడు ఎట్టకేలకి. “ఎర్రర్ నేనే పెట్టిన, నేనే తీస్త.”

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ అతనికీ మనసు మండుతోంది. లేస్తూ లేస్తూ అన్నాడు. “కాని రూల్ అంటే అందరికి రూలే. పాతయి తీస్తే దీప మార్కు గీత కిందికి పోతది. గీత కిందున్నోళ్ల బిల్లు ఇంకొకలు చూడకుండ బయటికి పోవద్దు. ఓవర్‌డెంచర్లు నాకు రావని తేలె కదా, ఈమెయి ఆ పిల్లనే చూడనియ్యుండ్రి!”

పొడవడానికే అన్న మాట అది. చిదంబరం సార్‌కి అందులో పోటు ఏమీ వినపడలేదు. ఇంత సులువుగా గొడవ తీరుతుందని ఆయన అనుకోలేదు. “మంచి ఐడియా,” అని రాసుకున్నాడు. “సోమవారం నుంచి పాతయన్ని దీప సరిచేస్తది, కావ్య చెక్ చేస్తది. లీడ్ సంగతి తర్వాత చూద్దాం.”

తర్వాత చూద్దాం అంటే ఏమిటో ఆ ఆఫీసులో అందరికీ తెలుసు. దీప కుర్చీ వెనక్కి జరిపి లేచింది. బయటికి రాగానే కావ్య ఏదో అనబోయింది. “నాకు థాంక్స్ గీంక్స్ చెప్పకు,” అంది దీప. “నీ నౌకరి నేను నిలబెట్టలే, నువ్వే నిలబెట్టుకున్నవ్. మీ అమ్మకు ఫోన్ చెయ్, పో.”

సోమవారం ఫ్లోర్ అంతా పని మానుకుని వాళ్ల వైపే ఒక కన్ను వేసి ఉంచింది. కావ్య కుర్చీని దీప పక్కకి మార్చారు. కొందరికి నవ్వుగా ఉంది, కొందరికి దీప మీద జాలిగా ఉంది. జాలి చూపించినవాళ్లకి దీప గట్టిగానే ఇచ్చుకుంది. “నేనేం సచ్చిపోయిన్నా? మీ పని చూస్కోండ్రి.”

చేయాల్సిన పాత బిల్లులు చాలా ఉన్నాయి. అందులోంచి మొదట టోపీ ఊడిన పెద్దావిడదే తీసింది. ఇది మాత్రం మచ్చ లేకుండా వెళ్లాలనుకుంది. డాక్టర్ నోట్స్ మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివింది. పాత కోడ్ కొట్టేసి ఓవర్‌డెంచర్ కోడ్ వేసింది. కోడ్ పడగానే ప్లేటు కిందికి వచ్చే పళ్లన్నిటి మీదా సాఫ్ట్‌వేర్ తనంతట తనే అడ్డగీతలు గీసేస్తుంది. వేర్లు ఉన్నవాటి మీది గీతలు మనిషే తీయాలి. ఆరు మీది గీత తీసింది. తీస్తుంటే ఐలమ్మ నోట్లో మెరిసిన టోపీ గుర్తొచ్చి, చేయి ఆగి, స్క్రీన్ కిందికి జరిపి నోట్ రాయడం మొదలుపెట్టింది.

నోట్ బాగా కుదిరింది. రెండు కోరపళ్ల వేర్లూ ఎముకలో గట్టిగా ఉన్నాయి, ప్లేటు వాటి మీదే ఆధారపడి ఉంది, మామూలు ప్లేటుకి ఇచ్చేంత ఇచ్చినా చాలు, ముందు పంపిన లెక్కలో తప్పు మాది, పేషెంటుది కాదు. ఆ చివరి వాక్యం ఎవరూ రాయమనలేదు, తనే రాసింది. చదువుకుంటే తృప్తిగా అనిపించింది. టోపీ బిల్లు కూడా జతచేసి, బల్ల మీద దరువు వేస్తూ కావ్యకి పంపింది.

“సూడు. ఇసొంటి నోట్ మీ పుస్తకంల గూడ ఉండది.”

కావ్య పుస్తకం మాట పట్టించుకోలేదు. కోడ్ చూసింది, తేదీలు చూసింది, నోట్ మొత్తం చదివింది. చివరి వాక్యం దగ్గర ఒక క్షణం ఆగి ముందుకెళ్లింది. అన్నీ అయ్యాక పళ్ల బొమ్మ తెరిచి, చూపుడువేలు స్క్రీన్‌కి ఆనించకుండా ఒక్కొక్క పన్ను మీదుగా జరుపుకుంటూ వచ్చింది. ఒక చోట వేలు ఆగింది.

“అక్కా.”

“ఏంది?”

“పదకొండు.”

దీప ముందుకి వంగింది. ఆరు తెల్లగా ఉంది. పదకొండు మీద అడ్డగీత అలాగే ఉంది.

ముందు కోపమే వచ్చింది. “ఇంకా బయటికి పోలే కదనే, ఇప్పుడు తీసేస్తే—” అని మొదలుపెట్టింది. నాలుగు వరుసల అవతల కరుణాకర్ తల ఎత్తాడు. కావ్య వేలు తీయలేదు. దీప ఆ గీత వైపు చూసింది. ఇంత శ్రద్ధగా, ఇంత పశ్చాత్తాపపడుతూ, అదే మనిషి పన్నుని రెండోసారి కూడా తన చేత్తోనే లేకుండా చేసి పంపి ఉండేది.

మౌస్ పట్టుకుని గీత తీసింది. బొమ్మలో ఆ పన్ను మిగతావాటిలాగే తెల్లగా వచ్చింది.

“ఎర్రర్ రాస్కో,” అంది.

“రాసిన అక్కా,” అంది కావ్య.